ఫ్యాను ఆపితేగానీ నిజం చెప్పని కాటా

ఐదుసార్లు తూస్తే నాలుగు బరువులు చూపించింది. అదే ఉంగరం, అదే పళ్ళెం, అదే డైనింగ్ టేబులు. 61.2, 61.4, 61.1, మళ్ళీ 61.4, ఆఖర్న 61.3. ఇవి గ్రాములు కావు, గ్రెయిన్లు. ఒక గ్రెయిన్ అంటే 64.8 మిల్లీగ్రాములు, కాబట్టి ఎక్కువకీ తక్కువకీ మధ్య తేడా దాదాపు 20 మిల్లీగ్రాములు. మీకూ నాకూ అది లెక్కలోకి రాదు గానీ, యాభై ఏళ్ళు బంగారం పని చేసిన మనిషి పక్కన కూర్చుని చూస్తున్నప్పుడు వస్తుంది. నాన్న ఏమీ అనలేదు. కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన అలా చేశారంటే తిట్టినట్టే.

ఈ కాటా మా ఇంటికి ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. నాన్నకి అద్దాల పెట్టెలో రెండు పళ్ళాల చిన్న త్రాసు ఉండేది, తాతగారి నుంచి వచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా పెద్దవాల్తేరు ఇంట్లో ముందు గది కిటికీ రెక్కతో సహా ఊడి సరిగ్గా ఆ పెట్టె మీద పడింది. అద్దం పోతే పోయింది, రెండు రోజులు ఉప్పునీళ్ళ గాలిలో తడిసి లోపలి ఉక్కు భాగాలన్నీ తుప్పు పట్టాయి. ఆ తర్వాత జేబులో పట్టే ఎలక్ట్రానిక్ కాటా ఒకటి కొనిపెట్టాను. నాన్న దాన్ని ఏనాడూ నమ్మలేదు. "చిటికెడు చిటికెడు వేస్తే కదలదురా ఇది, ఒకేసారి వేస్తేనే కదుల్తాది" అనేవారు. నేను చాదస్తం అనుకున్నాను.

చాదస్తం కాదని హ్యూస్టన్‌లో ఉండే మా బావ చెప్పాకే తెలిసింది. బావకి అక్కడ టార్గెట్ షూటింగ్ పిచ్చి ఉంది, వాడేసిన ఇత్తడి తొడుగులకి కొత్త ప్రైమరు (మందుని అంటించే చిన్న బిళ్ళ), తుపాకి మందు, బుల్లెట్టు పెట్టుకుని తన తూటాలు తనే తయారు చేసుకుంటాడు, దాన్ని వాళ్ళు రీలోడింగ్ అంటారు. మందు ఒక్కో తూటాకి ఒకేలా పడకపోతే బుల్లెట్టు వేగం మారుతుంది, దూరం కొట్టేటప్పుడు పైకీ కిందకీ చెదిరిపోతుంది, అందుకని వాళ్ళకి తూకం పట్టింపు మన బంగారప్పనివాళ్ళ కంటే ఒక మెట్టు ఎక్కువే. ఎలక్ట్రానిక్ కాటాల్లో సున్నా దగ్గర చిన్న చిన్న కదలికల్ని పట్టించుకోకుండా తనంతట తనే మళ్ళీ సున్నా చేసుకునే ఏర్పాటు ఉంటుందట. మనం నెమ్మదిగా రవ్వ రవ్వ వేస్తూ పోతే, అది వేడికి రీడింగ్ జరుగుతోందేమో అనుకుని మింగేస్తుంది. నాన్న గమనించింది సరిగ్గా ఇదే, ఆకురాయి పొడి చిటికెళ్ళతో. పోయిన ఏడాది అక్కావాళ్ళు వచ్చినప్పుడు బావ తను పక్కన పెట్టేసిన పాత బీమ్ కాటా, అంటే గాట్లున్న కడ్డీ (బీము) మీద చిన్న బరువులు జరిపి తూచేది, నాన్న కోసం సూట్‌కేసులో తెచ్చాడు. (ఇక్కడ ఎవరైనా ఉత్సాహపడతారేమో, ముందే చెప్తున్నాను: మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం 1959 నాటి ఆయుధాల చట్టం కింద నేరం. మా ఇంట్లో అది తూచేది మెట్టెలూ టంకం ముక్కలే. అమ్మకాలకీ కొనుగోళ్ళకీ కూడా కాదు, దానికి మెట్రిక్ కాటా, ప్రభుత్వ ముద్ర ఉన్నది ఉండాలి.)

గ్రెయిన్లు అనగానే నాన్న ఇబ్బంది పడతారేమో అనుకున్నాను. ఆయన నవ్వారు. "తులానికి నూటెనభై" అన్నారు వెంటనే. నిజమే, 1833లో కంపెనీ ప్రభుత్వం తులాన్ని 180 గ్రెయిన్లకి ఖాయం చేసింది, వెండి రూపాయి బరువూ అంతే, మన లెక్కలో 11.66 గ్రాములు. ఇప్పుడు షాపుల్లో తులం అంటే పది గ్రాములని అలవాటైపోయింది గానీ, అసలు తులం అది కాదు. తులంలో 96 గురివింద గింజలు, అంటే గింజకి 1.875 గ్రెయిన్లు. అమెరికావాడి కాటా మీద మా తాతగారి లెక్క చక్కగా సరిపోయిందన్నమాట.

లెక్క సరిపోయింది గానీ కాటాయే మాట మీద నిలబడటం లేదు. బావకి ఫోన్ చేస్తే "ముందు అది నిజం చెప్తోందా లేదా అని చూడకు, చెప్పిందే మళ్ళీ చెప్తోందా చూడు" అన్నాడు. స్పీకర్‌లో విన్న నాన్న దాన్ని తన భాషలోకి మార్చేశారు: "కాటా అబద్ధం ఆడితే ఆడనీ, రోజూ ఒకే అబద్ధం ఆడాలి." ఆ తర్వాత నాలుగు ఆదివారాలు మేం చేసిందంతా ఈ ఒక్క మాట కోసమే.

మొదటి ఆదివారం ఫ్యానుకే పోయింది. విశాఖలో మే నెలలో ఫ్యాను ఆపి కూర్చోవడం అంటే ఏమిటో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆపినా మధ్యాహ్నం సముద్రం గాలి తగులుకుంటుంది, మూడో అంతస్తు కదా, కిటికీలు మూస్తే బాల్కనీ తలుపు సందులోంచి వస్తుంది. ముల్లు నీళ్ళలో చేపలా ఊగుతూనే ఉంది. చివరికి మా అబ్బాయి చేపల తొట్టి, చేపలు లేనిది, బోర్లించి దాని కింద పెట్టాం. టేబులు కూడా పనికిరాలేదు, మోచెయ్యి ఆనిస్తే సున్నా జరిగిపోతోంది. వంటగట్టు గ్రానైటు కదా అని అక్కడికి మారిస్తే అమ్మ ఒప్పుకోలేదు, "పోపు పెట్టుకోవాలి, మీ తక్కెడ తియ్యండి" అని. హాల్లో షోకేసు కింద కడప బండ అర ఒకటి గోడలోకి దిగి ఉంది, అక్కడ కుదురుకుంది. కింద కూర్చుంటే ముల్లు కంటికి ఎదురుగా వస్తుంది కూడా. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, పై నుంచి చూస్తే ఒక రీడింగు, కింద నుంచి చూస్తే ఇంకోటి. ఇప్పుడు ఫోన్‌ని స్టాండులో ముల్లు ఎత్తుకి సరిగ్గా పెట్టి జూమ్ చేసి స్క్రీను మీద చూస్తున్నాం. తల ఎటు తిప్పినా కెమెరా మాత్రం కదలదు.

రెండో ఆదివారం నేను చేసిన తప్పు చెప్పుకోవాలి. బీము ఇరుసు ఆనే చోట తేలిగ్గా తిరుగుతుందని కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేశాను. ఎవరూ చెప్పకుండానే, తెలివిగా. సాయంత్రానికి కాటా ఇంకా మొద్దుబారింది. అక్కడ తిరిగేది బేరింగు కాదు. కత్తి అంచులా సన్నగా చెక్కిన ఉక్కు, వంపు తీసిన అగేట్ అనే గట్టి రాయి మీద ఆనుతుంది, అంతే. నూనె పడితే దుమ్మూ ఉప్పూ పట్టి జిగురవుతుంది, జిగురు బీముని పట్టుకుంటుంది. నాన్నకి చెప్పాల్సి వచ్చింది. "త్రాసుకి నూనేట్రా" అన్నారు, అంతకంటే ఎక్కువ అనలేదు, అదే నయం.

స్పిరిట్‌లో ముంచిన పాత టూత్ బ్రష్షుతో రాళ్ళు రెండూ కడిగాం. అప్పుడు నాన్న తన కంటి భూతద్దం తగిలించుకుని చూస్తూ "ఇది కదల్దేం?" అన్నారు. ఎడమ పక్క రాయి. ఈ రకం కాటాల్లో రాళ్ళు వాటి గూళ్ళలో గట్టిగా బిగించి ఉండకూడదు, కాస్త వదులుగా ఆడాలి, బీము దిగినప్పుడు అంచుకి తగ్గట్టు తమంతట తామే సర్దుకోవడానికి. కుడి రాయి వేలితో తాకితే చిన్నగా ఊగుతోంది. ఎడమది సిమెంటు పెట్టినట్టు ఉంది. గూడు అంచున తెల్లగా, గీత మందాన, ఉప్పు. మాకు రైలింగులు తినేసే ఉప్పే, వచ్చిన ఏడాదిలోపే రాయిని కూడా పట్టేసింది. గోరువెచ్చని నీళ్ళు చుక్కచుక్కగా వేసి, అగ్గిపుల్ల చివర చెక్కి, ఇరవై నిమిషాలు గీకితే చిన్న టిక్ శబ్దం వచ్చి వదిలింది. నాన్న దాన్ని వేలితో నాలుగైదుసార్లు అటూ ఇటూ ఊపి చూశారు, చిన్నపిల్లాడు పాలపన్ను ఊపుకున్నట్టు.

ఆ ఒక్క పనికే తేడా 0.3 నుంచి 0.1కి వచ్చేసింది. నేనైతే అక్కడితో ఆపేసేవాణ్ణి.

కత్తి అంచు సంగతి నాన్నదే. దీపం పక్కనుంచి పడేట్టు పట్టుకుని చూడమన్నారు: పదునైన అంచు వెలుగుని తిప్పికొట్టదు, కనపడదు, మొద్దుబారిన చోట తెల్లటి చుక్క మెరుస్తుంది. మెరిసింది, ఒక వైపు సన్నగా, నువ్వుగింజలో సగం. ప్రతిసారీ బీము దించేటప్పుడు అంచు ఆ చదును మీద కాస్త ముందుకో వెనక్కో కూర్చుంటే చెయ్యి పొడవు మారినట్టే, బరువు మారినట్టే. బావ చెప్పిన ప్రకారం అక్కడ దీన్ని సానబట్టేవాళ్ళు ఉన్నారు, పాడు చేసుకునేవాళ్ళూ ఉన్నారు, ఎందుకంటే రెండు వైపుల అంచులూ ఒకే గీతలో ఉండాలి, ఒకటి ఎక్కువ అరిగితే బీము వంకరగా కూర్చుంటుంది. నాన్న నన్ను ముట్టుకోనివ్వలేదు. ఉంగరాలకి వాడే సన్నటి సానరాయి, ఒక్కో ముఖం మీద మూడు తోపులు, లెక్కపెట్టి, రెండో వైపూ అవే మూడు. చెయ్యి వణకదా అని అడగబోయి ఊరుకున్నాను. కాఫీ గ్లాసు పట్టుకుంటే వణుకుతుంది, సానరాయి పట్టుకుంటే వణకదు. ఎందుకో నాకూ తెలీదు.

మీ దగ్గర ఇలాంటి చెయ్యి లేకపోతే ఈ పని జోలికి పోకండి. కడగడం వరకూ ఎవరైనా చెయ్యొచ్చు.

మూడోవారం అయస్కాంతాలు. ఈ కాటాల్లో బీము చివర పల్చటి రాగి రేకు ఉంటుంది, అది రెండు అయస్కాంతాల మధ్య సందులో ఊగుతుంది. రాగి అయస్కాంతానికి అంటుకోదు, కానీ కదిలినప్పుడు అందులో కరెంటు సుడులు పుట్టి కదలికని ఆపుతాయి. అందుకే పాత త్రాసులా పది నిమిషాలు ఊగకుండా నాలుగైదు ఊపుల్లో ముల్లు నిలబడుతుంది. దీంట్లో నాకు బాగా నచ్చింది ఏమిటంటే, రేకు ఆగిపోయాక ఆ బలం సున్నా. కదిలితేనే పట్టుకుంటుంది, ఆగితే వదిలేస్తుంది, కాబట్టి తూకం మీద దాని ప్రభావం ఉండకూడదు. ఉండకూడదు, కానీ మా ఇంట్లో ఉంది. నాన్న ఆకురాళ్ళు అరిగినప్పుడు రాలే ఇనప రజను అయస్కాంతాల మూతి మీద గడ్డంలా పెరిగి రేకుని రాసుకుంటోంది. గుడ్డతో తుడిస్తే రాదు, అటు నుంచి ఇటు జరుగుతుందంతే. సెల్లో టేపు జిగురు పైకి మడిచి సందులోకి దూర్చి లాగితే వచ్చింది, పది పన్నెండు ముక్కలు పట్టింది. ఆ రోజు నుంచి కాటా ఉన్న వైపు ఆకురాయి పని నిషేధం.

ఇక్కడే ఇంకో సంగతి. చాలామంది కాటా సరి చూసుకోవడానికి రూపాయి బిళ్ళలు పెడతారు. మన ఇప్పటి రూపాయి బిళ్ళ స్టెయిన్‌లెస్ స్టీలే గానీ అయస్కాంతానికి అంటుకునే రకం. పళ్ళెం ఎక్కడ వేలాడుతుందో, అయస్కాంతం ఎంత దూరంలో ఉందో చూసుకోకుండా దాన్ని నమ్ముకోవద్దు.

మరి దేన్ని నమ్మాలి? కురుపాం మార్కెట్లో బంగారప్పనివాళ్ళ సామాన్లు అమ్మే కొట్టుకి వెళ్ళి ఇత్తడి తూకపు రాళ్ళు చిన్న సెట్టు తెచ్చాం. అందులో కూడా నాన్న పద్ధతి వేరు. కాటా మీద గాట్లు ఏం చెప్తున్నాయో ఆయన పట్టించుకోరు. తూచాల్సిన వస్తువు పళ్ళెంలో పెట్టి ముల్లు ఎక్కడ ఆగిందో గుర్తు పెట్టుకుంటారు, వస్తువు తీసేసి, బీము మీద దేన్నీ కదపకుండా, అదే పళ్ళెంలో రాళ్ళు వేసుకుంటూ ముల్లుని అదే చోటుకి తెస్తారు. అప్పుడు కాటా చేతుల పొడవు తప్పైనా, గాట్లు తప్పైనా నష్టం లేదు, ఎందుకంటే రెండుసార్లూ అదే తప్పు. పుస్తకాల్లో దీనికి 18వ శతాబ్దపు ఫ్రెంచి ఆయన బోర్డా పేరు ఉంది. నాన్నకి ఆ పేరు తెలీదు, వాళ్ళ నాన్న అలా తూచేవారు, ఈయనా అలాగే తూస్తారు.

ముల్లు ఎంత చురుగ్గా ఉందో చూడటానికి మాత్రం నేను ఒక చవక చిట్కా కనిపెట్టాను, దీని మీద కాస్త గర్వంగానే ఉంది. ప్రింటరు కాగితం 80 జీఎస్ఎంది అంటే చదరపు మీటరుకి 80 గ్రాములు, చదరపు సెంటీమీటరుకి 8 మిల్లీగ్రాములు. స్కేలు పెట్టి 9 మిల్లీమీటర్ల చదరం కోస్తే 6.48 మిల్లీగ్రాములు, అంటే గ్రెయిన్‌లో సరిగ్గా పదో వంతు. అది వేస్తే ముల్లు ఒక గీత కదలాలి. కదిలింది. 4 మిల్లీమీటర్ల చదరం కోస్తే 0.02 గ్రెయిన్, బావ చెప్పిన లెక్కలో వాళ్ళ పుల్లల్లాంటి మందులో ఇంచుమించు ఒక్క పలుకు. అది వేసి ఊపిరి బిగబట్టి ఫోన్ స్క్రీను చూశాం. ముల్లు కదిలిందా లేదా అని ఇద్దరం వాదించుకున్నాం, తీసేస్తే వెనక్కి వచ్చింది, మళ్ళీ వేస్తే మళ్ళీ వెళ్ళింది, వెంట్రుక మందం, కానీ వెళ్ళింది. ఒకటే జాగ్రత్త, మన ఊరి తేమకి కాగితం బరువు కూడా మారుతుంది, కాబట్టి చురుకు చూడటానికే ఇది, తూకపు రాయిలా దాచుకోవడానికి కాదు.

బావ ఎలక్ట్రానిక్ కాటా కూడా తెస్తానంటే వద్దన్నాను, అది మంచి నిర్ణయమే అయింది. భూమధ్యరేఖకి దగ్గరయ్యే కొద్దీ గురుత్వాకర్షణ కొంచెం తగ్గుతుంది. హ్యూస్టన్‌లో సరిచేసిన ఎలక్ట్రానిక్ కాటాని మళ్ళీ సరిచేయకుండా విశాఖలో వాడితే పది గ్రాములకి దాదాపు 8 మిల్లీగ్రాములు తక్కువ చూపిస్తుంది. బీమ్ కాటాకి ఆ గొడవ లేదు, రెండు పక్కలా అదే గురుత్వాకర్షణ కదా. దాని బాధలన్నీ ఉప్పూ, దుమ్మూ, గాలీ, మనమూ.

మనమూ అని ఎందుకన్నానంటే, బీము మీద జరిపే బరువుల్ని గాటులో పెట్టే పద్ధతి నాదొకటీ నాన్నదొకటీ. నేను జరిపి వదిలేస్తాను, అది గాటు అంచు మీద నిలబడి ఉంటుంది. ఆయన జరిపాక గోటితో ఒకసారి తట్టి కూర్చోబెడతారు. నేనూ తట్టడం మొదలుపెట్టాక నా రీడింగులూ ఆయనవీ కలిశాయి. పళ్ళెం కూడా ప్రతిసారీ అదే ముఖంగా తగిలించాలని దాని అంచున మా ఆవిడ గోళ్ళరంగుతో ఎర్ర చుక్క పెట్టాను. ఆ చుక్క ఎండేదాకా ఆగి మళ్ళీ సున్నా చూసుకోవాలని కూడా ఒకసారి తప్పు చేశాకే తెలిసింది.

నాలుగో ఆదివారం అదే ఉంగరం మళ్ళీ ఐదుసార్లు. 61.3, 61.3, 61.3, 61.3, ఐదోసారి ముల్లు గీతకి వెంట్రుక పైన. నాన్న ఏమీ అనలేదు, కానీ కళ్ళజోడు తుడుచుకోలేదు.

లోపలికి వెళ్ళి తన పెట్టె తెచ్చారు. అందులో జార్జి 5 బొమ్మ ఉన్న వెండి రూపాయి ఉంది, నేను చిన్నప్పుడు ఎప్పుడో చూసింది. పళ్ళెంలో పెట్టాం. 179.1. టంకశాలలో వేసినప్పుడు 180 ఉండాలి. బొమ్మ మీద ముక్కు దాదాపు అరిగిపోయింది, అంచు గీతలు నున్నగా ఉన్నాయి, దాదాపు ఒక గ్రెయిన్ ఎన్ని జేబుల్లో రాలిపోయిందో. తర్వాత గురివింద గింజలు, అరచేతిలో గుప్పెడు. (ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇవి అందకుండా పెట్టండి, లోపలి పప్పు విషం.) ఒక్కోటీ తూచి నేను కాగితం మీద రాస్తుంటే 1.7, 2.0, 1.9, 1.6, ఏ రెండూ కలవట్లేదు. "వీటితోనే మా నాన్న బంగారం తూచేవారు, ఎవరితోనూ మాట పడలేదు" అన్నారు. ఎలా అని అడిగాను. గింజలు ఏరుకునేవారట, వంద ఏరితే పది ఉంచేవారట, మిగతావి పారబోసేవారట. ఆ పదీ డబ్బాలో ఎక్కడో ఉండాలి అని వెతకడం మొదలుపెట్టారు.

దొరకలేదు. మిగిలిన గింజలన్నీ తూచే సరికి ఏడైంది, ఇద్దరి చొక్కాలూ వీపుకి అంటుకుపోయాయి, అమ్మ గుమ్మంలో నిలబడి ఎంతసేపని చూస్తోంది. చివరి గింజ తీసి డబ్బాలో వేసి నాన్న నా వైపు తిరిగారు.

"ఫ్యాను వెయ్యి."